ఆ చావు ఏ ఖాతాలో రాశారు?
ఆరోగ్య శాఖ పనితీరు లెక్కలు - దళితవాడ ప్రశ్నలు

2009 వానాకాలంలో మా పెద్దనాన్న కోడలు కాన్పు కష్టమై చనిపోయింది. మా మాదిగవాడ నుంచి ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. అక్కడ 'మావల్ల కాదు, పెద్దాసుపత్రికి పొండి' అని చీటీ రాసిచ్చారు. పెద్దాసుపత్రి గేటు దాకా పోయేసరికి ప్రాణం పోయింది. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. దినాలు అయిపోయాక ఒకరోజు మా అమ్మ నన్ను అడిగింది: "అది ఏడ సచ్చిందని రాసిండ్రు బిడ్డా? సదువుకున్నోనివి గదా, సూసి చెప్పు."

అప్పుడు చెప్పలేకపోయాను. పరిశోధనలోకి వచ్చాక ఆ రెండు చోట్లా రిజిస్టర్లు చూశాను. మొదటి దాంట్లో 'పై ఆసుపత్రికి పంపడమైనది' అని ఉంది. రెండో దాంట్లో 'తెచ్చేసరికే మరణం' అని ఉంది. రెండు రిజిస్టర్లూ అబద్ధం చెప్పలేదు. కానీ ఆ ఏడాది ఆరోగ్య కేంద్రం లెక్కలో తల్లుల మరణాలు సున్నా. పెద్దాసుపత్రి లెక్కలో ఆమె తమ చేతిలో చనిపోయిన మనిషి కాదు. రెండు ఆఫీసులూ ఆ ఏడాది 'మంచి పనితీరు' చూపించాయి. మా వదినె మాత్రం ఎవరి ఖాతాలోనూ లేదు.

'పనితీరు కొలమానం' అనే మాట ఇప్పుడు ఆరోగ్య శాఖలో బాగా చలామణిలో ఉంది. కొలిస్తే పాలన బాగుపడుతుంది, కొలిస్తే అధికారుల్లో జవాబుదారీతనం వస్తుంది అంటున్నారు. ఈ మాటను కొట్టిపారేయాల్సిన పని లేదు. లెక్క లేనిచోట మనల్ని పట్టించుకునేవాడు ఎవడూ ఉండడని అందరికంటే మనకే బాగా తెలుసు. అయితే మూడు ప్రశ్నలు వేసుకోకుండా ఈ మాటను ఒప్పుకోకూడదు. ఏం కొలుస్తున్నారు? ఎవరు కొలుస్తున్నారు? ఆ లెక్క ఎవరికి చెబుతున్నారు?

సగటు వెనుక దాగేది

ముందు మన రాష్ట్రాల సంగతి చూద్దాం. నీతి ఆయోగ్ 2018 నుంచి రాష్ట్రాలకు ఆరోగ్య సూచీ పేరుతో మార్కులు, ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2021 డిసెంబరులో విడుదలైన నాలుగో నివేదికలో, 2019-20 సంవత్సరానికి, పెద్ద రాష్ట్రాల్లో కేరళ మొదటిది, తమిళనాడు రెండోది, తెలంగాణ మూడోది. ఉత్తరప్రదేశ్ చిట్టచివర ఉంది. పసిపిల్లల మరణాలు, టీకాలు, ఆసుపత్రి కాన్పులు, ఖాళీగా ఉన్న డాక్టర్, నర్సు పోస్టులు వంటివి కొలిచి ఈ మార్కులు వేశారు. ఇది మంచి పనే. కనీసం పోస్టులు ఖాళీగా ఉన్నాయని కాగితం మీదకు వచ్చింది. కానీ ఆ మార్కుల్లో ఎక్కడా కులం లేదు. రాష్ట్రం మొత్తానికి ఒకటే అంకె. ఆ అంకెలో దొర గడీ, మాదిగవాడ, లంబాడి తండా అన్నీ కలిసిపోయాయి.

తల్లుల మరణాలకూ ఇదే పద్ధతి. కేంద్ర ప్రభుత్వపు నమూనా నమోదు వ్యవస్థ 2018-20 లెక్క ప్రకారం ప్రతి లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, కేరళలో 19. మన రెండు రాష్ట్రాలూ దేశం కంటే మెరుగ్గా ఉన్నాయి, సంతోషమే. మరి ఆ 43 మందిలో, 45 మందిలో మనవాళ్లెందరు? ఆ పట్టికలో ఆ వరుస లేదు.

కులం వారీగా లెక్క తీయడం సాధ్యం కాదా? సాధ్యమే. 1992-93లో మొదలైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తీస్తూనే ఉన్నాయి. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. 1998-99 సర్వే ప్రకారం వెయ్యి మంది పిల్లలు పుడితే ఏడాది నిండకుండా చనిపోయినవారు ఎస్సీల్లో 83.0, ఎస్టీల్లో 84.2, వెనుకబడిన కులాల్లో 76.0, మిగతా కులాల్లో 61.8. 2015-16 సర్వేకి వచ్చేసరికి ఎస్సీల్లో 45.2, ఎస్టీల్లో 44.4, వెనుకబడిన కులాల్లో 42.1, మిగతా కులాల్లో 32.1.

ఈ అంకెల్ని రెండు విధాలుగా చదవొచ్చు. ప్రభుత్వం చదివే తీరు: అందరిలోనూ మరణాలు బాగా తగ్గాయి, ఎస్సీలకూ మిగతా కులాలకూ మధ్య తేడా కూడా 21.2 నుంచి 13.1కి పడిపోయింది. ఇది నిజం. మనం చదవాల్సిన తీరు ఇంకొకటి ఉంది: 1998-99లో మిగతా కులాల్లో 100 మంది పసిపిల్లలు పోతే, అన్ని కాన్పులకే ఎస్సీల్లో 134 మంది పోయారు. 2015-16లో అటు 100 మంది పోతే ఇటు 141 మంది పోయారు. ఇదీ నిజమే. అంటే పదిహేడేళ్లలో వచ్చిన మంచి అందరికీ అందింది గానీ, ముందు అందినవాళ్లకు ముందూ ఎక్కువా అందింది. అంబేడ్కర్ చెప్పిన మెట్ల అసమానత అంటే ఇదే. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మిగతావాళ్లు - మెట్టు మెట్టుకీ అంకె మారుతుంది. సగటు అనేది ఈ మెట్లన్నిటినీ చదును చేసి చూపిస్తుంది.

ఇక్కడ మన వైపు నుంచి కూడా ఒక జాగ్రత్త అవసరం. ఐక్యరాజ్యసమితి మహిళా సంస్థ 2018 నివేదికలో దళిత స్త్రీ పై కులాల స్త్రీ కంటే 14.6 ఏళ్లు ముందే చనిపోతోందని ఉంది. మన సభల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. కొందరు దీన్ని 'దళిత స్త్రీ ఆయుర్దాయం 39 ఏళ్లే' అని కూడా చెబుతున్నారు. అది సరి కాదు. అక్కడ కొలిచింది చనిపోయినవారి సగటు వయసు. ఆయుర్దాయం వేరు. పిల్లలు, చిన్న వయసువాళ్లు ఎక్కువగా ఉన్న సమాజంలో చనిపోయినవారి సగటు వయసు ఎలాగూ కొంత తక్కువగానే వస్తుంది. వివక్ష లేదని కాదు దీని అర్థం. తప్పు అంకె పట్టుకుని పోతే కలెక్టరాఫీసులో ఒక్క గుమస్తా మన నోరు మూయించగలడు. నికరమైన అంకె పట్టుకుపోతే ఆ పని అంత సులభంగా కాదు.

కొలత టార్గెట్ అయితే

రెండో సంగతి. పై అధికారి ఒక అంకెను కొలిచి, దాన్ని బట్టే మెప్పూ శిక్షా ఉంటాయని చెబితే, కింది ఉద్యోగి ఆ అంకెను ఎలాగోలా తెచ్చి ఇస్తాడు. మనిషికి ఏం జరిగిందన్నది వెనక్కి పోతుంది.

దీనికి ఈ దేశంలో అన్నిటికంటే పాత ఉదాహరణ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు. 1960ల నుంచీ ఊరికింత, ఏ.ఎన్.ఎం.కింత, టీచరుకింత అని టార్గెట్లు పెట్టారు. ఎమర్జెన్సీలో, ఒక్క 1976-77 సంవత్సరంలోనే, 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. 1996 ఏప్రిల్ నుంచి టార్గెట్లు రద్దు చేశామని కేంద్రం ప్రకటించింది. కాగితం మీద రద్దయినవి వాడలో రద్దు కాలేదు. మా అమ్మ వయసు ఆడవాళ్లను అడగండి, 'కేసు దొరకలేదు, ఈ నెల ఒక్కరన్నా రాండ్రి' అని నర్సమ్మ బతిమాలిన సంగతి చెబుతారు. వాళ్ల భాషలో ఆడమనిషి పేరు 'కేసు'.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొన్ని గంటల్లోనే ఒక్క డాక్టర్ 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశాడు. వారిలో 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పేద స్త్రీలు. ఒక డాక్టర్ రోజుకు 30కి మించి చేయకూడదని ప్రభుత్వ నియమం ఉంది. అదే ఏడాది జనవరిలో ఆ డాక్టర్‌కు 50 వేల ఆపరేషన్లు చేసినందుకు ప్రభుత్వ సత్కారం జరిగింది. గమనించండి: అక్కడ కొలమానం లేక కాదు. కొలమానం ఉంది, దానికి బహుమతి కూడా ఉంది. ఎందరికి చేశాడన్నది కొలిచారు. ఎలా చేశాడు, ఆ తర్వాత ఆ స్త్రీలు ఎలా ఉన్నారు అన్నది కొలవలేదు.

2012లో బీహార్ రాష్ట్రం అరరియా జిల్లాలో ఒక బడిలో 53 మంది స్త్రీలకు టార్చిలైటు వెలుగులో ఆపరేషన్లు చేసిన ఘటనపై దేవికా బిస్వాస్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2016 సెప్టెంబరు 14న కోర్టు తీర్పు చెబుతూ, మూడేళ్లలో ఈ శిబిరాల పద్ధతి ఆపేయాలనీ, టార్గెట్లు పెట్టకూడదనీ ఆదేశించింది. ఆరేళ్లు గడిచాక, 2022 ఆగస్టు 25న హైదరాబాదు పక్కనే ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు ఆడబిడ్డలు చనిపోయారు. ర్యాంకుల్లో మూడో స్థానంలో ఉన్న రాష్ట్రం ఇది.

ఆసుపత్రి కాన్పుల సంగతీ ఇలాగే ఆలోచించాలి. ఇంట్లో కాన్పుల కంటే ఆసుపత్రి కాన్పు మేలు, అందులో వాదన లేదు. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ర్యాంకు వేసేవాళ్లు ఈ అంకె చూస్తారు. అదే సర్వే చెప్పిన ఇంకో అంకె: తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కడుపు కోసి తీసినవే. ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. దేశం మొత్తానికి ఇది 21.5. నూటికి పది దాటాక కోతలు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కడుపు కోసిన తర్వాత పది రోజులకే కూలికి పోయే ఆడమనిషి నడుం నొప్పి ఏ సూచీలోకి వస్తుంది?

రిజిస్టరులో గడి లేనివి

మూడోది, అసలు కొలవని సంగతులు. మా వాడకు ఏ.ఎన్.ఎం. వచ్చేది. ఊరి మధ్యన బడి దగ్గర కూర్చునేది. ఊరి వాళ్ల ఇళ్లకు పోయేది, మా వాళ్లను మాత్రం కబురు పెట్టి పిలిపించేది. రిజిస్టరులో అందరికీ 'గృహ సందర్శన' అనే ఒకే గడి, ఒకే టిక్కు. ఆమె దుర్మార్గురాలని నేననను. ఆమెకు మంచినీళ్లిచ్చే ఇళ్లు ఏవో, ఆమె ఎక్కడ దిగితే ఎవరేమంటారో ఆ ఊరే నిర్ణయించింది. కానీ ఆ టిక్కు వాడను, ఊరిని ఒకటి చేసింది.

ఇది ఒక్క మా ఊరి ముచ్చట కాదు. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనంపై సర్వే చేసి, ఘనశ్యామ్ షా తదితరులు 2006లో పుస్తకంగా వేశారు. మూడోవంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు పోవడానికి నిరాకరిస్తున్నారని ఆ సర్వే తేల్చింది. ఆ తర్వాత 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్‌లలో 12 గ్రామాల్లో 200 మంది దళిత పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం చేశారు. ఆమె ఏం కొలిచిందో చూడండి. డాక్టర్ నాడి పట్టుకున్నాడా లేదా. ఎంతసేపు చూశాడు. ఎంతసేపు బయట నిలబెట్టారు. మందుబిళ్లను చేతిలో పెట్టారా, పై నుంచి వేశారా. పిల్లలకు మందులిచ్చిన సందర్భాల్లో 91 శాతం చోట్ల ఏదో ఒక రూపంలో వివక్ష కనిపించింది.

'అంటరానితనాన్ని ఎలా కొలుస్తారండీ, అది మనసుకు సంబంధించింది' అని మా సెమినార్లలో పెద్దలు అంటుంటారు. ఈ అధ్యయనం దానికి జవాబు. కొలవొచ్చు. చేతికీ బిళ్లకూ మధ్య దూరాన్ని కూడా కొలవొచ్చు. కొలవాలని అనుకోవడమే ముఖ్యం. ప్రభుత్వ రిజిస్టరులో గడి లేకపోవడం మరచిపోయి జరిగింది కాదు. గడి గీసే చేతికి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

లెక్క ఎటు పోతోంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సబ్‌సెంటర్ నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లాకు, రాజధానికి, ఢిల్లీకి లెక్క పైకి పోతుంది. 2008 నుంచి ఇది కంప్యూటర్లోకి ఎక్కింది. పై నుంచి కిందికి వచ్చేవి రెండే - టార్గెట్, మెమో. అవి చివరికి పడేది ఏ.ఎన్.ఎం. మీద, ఆశా కార్యకర్త మీద. వాళ్లలోనూ ఎందరో మన ఆడబిడ్డలే. చాలని జీతానికో, ప్రోత్సాహకానికో పనిచేసే వాళ్లు మెమో తప్పించుకోవడానికి అంకె నింపుతారు. పై వాడు ఆ అంకెతో ర్యాంకు తెచ్చుకుంటాడు. ఎవరి ఒంటి మీద ఆ లెక్క కట్టారో ఆ మనిషికి మాత్రం కాగితం ఎన్నడూ చూపించరు.

కింది ఉద్యోగి పై అధికారికి చెప్పుకునే సంజాయిషీని జవాబుదారీతనం అంటున్నారు. ప్రజాస్వామ్యంలో జవాబు చెప్పాల్సింది జనానికి. కొలత ఎంత శాస్త్రీయంగా ఉన్నా, అది తిరిగి వాడకు రాకపోతే, దానితో పాలన బాగుపడదు, పర్యవేక్షణ మాత్రం పెరుగుతుంది.

లెక్కను వెనక్కి తెచ్చిన అనుభవాలు ఈ దేశంలో ఉన్నాయి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో మొదలుపెట్టిన జన సున్వాయీలలో మస్టర్ రోళ్లను జనం ముందు గట్టిగా చదివారు. చచ్చిపోయిన వాళ్ల పేర కూలి రాసిన సంగతులు అక్కడే బయటపడ్డాయి. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీని 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే చేపట్టింది. ఆరోగ్యంలో చూస్తే, గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 2007లో తొమ్మిది రాష్ట్రాల్లో ప్రజా పర్యవేక్షణ ప్రయోగం మొదలైంది. మహారాష్ట్రలో ఊరివాళ్లే తమ ఆరోగ్య కేంద్రానికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో మార్కుల పట్టిక తయారు చేసి, బహిరంగ విచారణలో డాక్టర్లను, అధికారులను ఎదుట కూర్చోబెట్టి జవాబు అడిగారు. ఆ తొమ్మిది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మస్టర్ రోల్‌ను జనం ముందు చదివించిన రాష్ట్రం, మందుల రిజిస్టరును ఎందుకు చదివించలేదు?

ఇక్కడా ఒక మాట. 'ఊరివాళ్లు' అనగానే మనం మోసపోకూడదు. ఊరి కమిటీ ఊళ్లో కూర్చుంటుంది. మన సభ్యురాలి పేరు తీర్మానం పుస్తకంలో ఉంటుంది, ఆమె కింద కూర్చుంటుంది, వేలిముద్ర వేస్తుంది. అందుకని వాడ లెక్క వాడలోనే, వాడ మనుషుల నోటితోనే తీయాలి.

ఏం అడగాలి?

కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు ఇప్పటికిప్పుడు చేయగల పనులు నాలుగున్నాయి.

ఒకటి. ప్రతి ఆరోగ్య లెక్కనూ కులం వారీగా, వాడ వారీగా ప్రచురించమని అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం - ఇవి రెండూ ప్రభుత్వ ఖర్చులో మన వాటా ఎంతో విడిగా చూపమంటున్నాయి. ఖర్చును కులం వారీగా రాయగలిగినప్పుడు చావును ఎందుకు రాయలేరు? రాబోయే జనగణనలో కులం లెక్కిస్తామని 2025 ఏప్రిల్ 30న కేంద్రం ప్రకటించింది. ఆ లెక్క వస్తే మొత్తం జనంలో ఎవరెంతో తేలుతుంది. ఆ జనంలో ఎందరు పోతున్నారన్నది దాని పక్కన పెట్టించాలి.

రెండు. తల్లి చనిపోతే విచారణ జరగాలి. 2010 నుంచి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ప్రతి తల్లి మరణాన్నీ సమీక్షించాలి. ఇంట్లో పోయినా, ఆసుపత్రిలో పోయినా, దారిలో పోయినా లెక్కలోకి రావాలి. కలెక్టర్ దగ్గర జరిగే సమీక్షకు మృతురాలి బంధువులను కూడా పిలవాలని అందులో ఉంది. ఈ సంగతి వాడలో ఎవరికీ తెలియదు. తెలిసిన మనం చెప్పాలి, ఆ కుటుంబం పక్కన కూర్చోవాలి.

మూడు. సమాచార హక్కు చట్టం కింద మీ సబ్‌సెంటర్ గృహ సందర్శనల, మందుల స్టాకు వివరాలు తీసుకుని, వాడలో పది మంది ముందు చదవండి. రోగుల పేర్లు బయటపెట్టే పని లేదు. ఏ తేదీన ఏ వాడకు వచ్చినట్టు రాశారో చదివితే చాలు, మిగతాది ఆడవాళ్లే చెబుతారు. ఈ పని ఏ.ఎన్.ఎం. మీదకు జనాన్ని ఎగదోయడానికి కాకూడదు. ఖాళీ పోస్టు నింపనివాడు, బండి పంపనివాడు, మందులు పంపనివాడు జవాబు చెప్పేదాకా ప్రశ్న పైకి పోవాలి.

నాలుగు. మన గడులు మనమే గీద్దాం. ఇంటికి వచ్చారా, పిలిపించుకున్నారా? చెయ్యి పట్టి చూశారా? బిళ్ల ఎలా ఇచ్చారు? ఎంతసేపు నిలబెట్టారు? తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఈ నాలుగు ప్రశ్నలు పట్టుకుని వాడ తిరిగి రాసుకురాగలరు. ఆరు నెలలు అలా రాస్తే, ఏ మండల సమావేశంలోనైనా బల్ల మీద పెట్టగల కాగితం అవుతుంది.

మా అమ్మకు ఇప్పుడు జవాబు చెప్పగలను. "ఏడా రాయలేదమ్మా. ఒకరు పంపినమని రాసిండ్రు, ఇంకొకరు తెచ్చిండ్రని రాసిండ్రు." ఆమె మళ్లీ అడుగుతుంది, నాకు తెలుసు: "మరి మనం ఎందుకు రాస్తలేము బిడ్డా?" మన చదువులకు పని అక్కడ ఉంది.